జారుడులో పట్టు

సబ్బుకు మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న పని విడదీయడం. బట్ట నుంచి మురికిని, గిన్నె నుంచి జిడ్డును, జుట్టు నుంచి నూనెను వేరుచేసి నీళ్లలో సాగనంపుతుంది. దేన్నైనా దేనితోనైనా కలపమని దాన్ని ఎవరూ అడగరు. ఉన్నిని తడిపి, చేత్తో రుద్ది, దట్టమైన అట్టగా మార్చే పనిలో మాత్రం ఈ విడదీసే పదార్థమే కలపడానికి పూనుకుంటుంది. అక్కడ మగ్గం ఉండదు, దారం ఉండదు, సూది ఉండదు. ఏకిన ఉన్నిని చాపమీద పలుచని పొరలుగా, ఒక పొర నిలువుకు, ఒక పొర అడ్డానికి పరుస్తారు. దానిమీద వేడి సబ్బునీళ్లు చిలకరించి అరచేతులతో నిమురుతూ పోతే, ఊదితే ఎగిరిపోయే ఆ పోగులు మెల్లగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పనంతా అయ్యాక చేతిలో మిగిలేది కత్తెర పెడితే తప్ప తెగని బట్ట. దాన్ని ఫెల్ట్ అంటారు, కశ్మీరులో నమ్దా. ఈ మార్పుకు దక్కవలసిన గౌరవాన్ని అందరూ ఉన్నికి, వేడికి, చేతుల ఓపికకు పంచి ఇస్తారు. నా ఆలోచన మాత్రం సబ్బు దగ్గరే ఆగుతుంది, అందులోనూ ఎంత సబ్బు అన్న దగ్గర.

ఉన్ని పోగు చూపుకు నున్నగా ఉన్నా నిజానికి నున్నన కాదు. సూక్ష్మదర్శిని కింద దాని ఒళ్లంతా పొలుసులు కనిపిస్తాయి. అన్నీ మొదలు నుంచి కొస వైపుకే వాలి ఉంటాయి. కొస వైపుకు నిమిరితే వేలు సులువుగా జారుతుంది, మొదలు వైపుకు నిమిరితే పొలుసులు అడ్డుకుంటాయి. ఈ చిన్న పక్షపాతమే ఫెల్ట్ అంతటికీ ఆధారం. తడిసి, వేడెక్కి, ఉబ్బిన పోగును అటూ ఇటూ ఎంత కదిపినా అది తన మొదలున్న దిక్కుకే పాకుతుంది. వెనక్కి రాలేదు, వెనక్కి వచ్చే దారిలో దాని పొలుసులే దానికి అడ్డం. పక్క పోగుదీ అదే స్థితి, కాకపోతే దాని మొదలు మరో దిక్కున ఉంటుంది. లెక్కలేనన్ని పోగులు దేని దిక్కుకు అది పోతూ, దారిలో ఒకదాని సందున మరొకటి దూరి, ఇక కదలలేని చోట ఆగిపోతాయి. అలా ఆగిపోయిన ప్రయాణాలన్నీ కలిసి ఒక వస్త్రం అవుతాయి.

అంటే ఇక్కడ బంధానికి ముందు కదలిక కావాలి, కదలికకు ముందు జారుడు కావాలి. సబ్బు ఇచ్చేది ఆ జారుడే. ముందుగా అది నీళ్లకు దారి తెరుస్తుంది: గొర్రె ఒంటి జిడ్డు అంటుకున్న ఉన్ని నీటిని తోసిపుచ్చుతుంది, సబ్బు కలిస్తే అదే నీరు లోపలి పొరదాకా ఇంకుతుంది. తరువాత అరచేతికీ ఉన్నికీ మధ్య సన్నని పొరగా నిలిచి, చేయి పోగులను లాక్కుపోకుండా కాపాడుతుంది. పైగా సబ్బులోని క్షారగుణం ఉన్నిని మరింత ఉబ్బించి పొలుసులకు పని కల్పిస్తుంది. ఇంత చేసి చివరికి తాను ఆ అట్టలో ఎక్కడా భాగం కాదు. జిగురు అతికిస్తుంది, అతికించిన చోటే ఉండిపోతుంది. సబ్బు అతికించదు, పోగులు వాటంతట అవి కలిసే వీలు కల్పించి తప్పుకుంటుంది.

తక్కువైనప్పుడు ఏం జరుగుతుందో చేతికి వెంటనే తెలుస్తుంది. అరచేయి ఉన్నిమీద నడవదు, పట్టేస్తుంది. పైపోగులు వేళ్లకు చుట్టుకుని లేస్తాయి, ఉండలు కడతాయి. ఇంకా రుద్దితే పైపొర తొందరపడి బిగుసుకుంటుంది, కింది పొరలు మాత్రం పరిచినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. పైకి బట్టలా కనిపించే ఆ ముక్కను చివర పట్టి లాగితే రెండు పొరలూ విడిపోతాయి. ఎక్కువైనప్పటి సంగతి ఇంత స్పష్టంగా ఉండదు. తెల్లని నురగ పొంగుతుంది, చేయి హాయిగా తేలిపోతుంది, పని చకచకా సాగుతున్నట్టే ఉంటుంది. ఆ నురగలోని గాలిబుడగలు పోగుకూ పోగుకూ మధ్య చేరి వాటిని దూరంగా నిలబెడతాయి. ఎంత రుద్దినా పోగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోతాయే కాని చిక్కుకోవు. అంచులు పలుచబడి పాకుతాయి. తక్కువ సబ్బు ఎదురు తిరిగి తన లోటు చెబుతుంది. ఎక్కువ సబ్బు చేతికి సుఖాన్నిచ్చి కాలాన్ని తీసుకుంటుంది. ఈ రెండింటిలో రెండవదాన్ని పసిగట్టడమే కష్టం. ఈ పని నేర్చుకునే వాళ్లకు మొదట చూపవలసింది కూడా అదేనని నా నమ్మకం.

కొలత చెప్పమంటే ఒక లీటరు వేడినీళ్లకు ఒక చెంచా సబ్బు తురుము అని మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టడానికి తప్ప ఆ అంకె ఎక్కువ దూరం రాదు. జొన్నరొట్టెకు పిండి తడిపే వాళ్లను ఎన్ని నీళ్లు అని అడిగితే పిండి ఏ ఏటిదో, ఎప్పుడు విసిరిందో చూసి చెబుతారు. నీళ్లు పోస్తున్నంతసేపూ కన్ను చెంబుమీద కాక పిండిమీదే ఉంటుంది. సబ్బు లెక్కా అలాంటిదే. వేళ్ల మధ్య ఆ నీటిని రుద్దితే కొద్దిగా జారాలి. ఉన్నిని అదిమితే నురగ వేళ్ల సందున కనిపించాలి కాని మీదికి పొంగకూడదు. పొంగితే పాతబట్టతో అద్ది తీసేయాలి, చేయి పట్టేస్తే మరికొన్ని చుక్కలు చిలకరించాలి. సరిపోయిందన్న దానికి నాకు తెలిసిన గుర్తు ఒక్కటే: సబ్బు సంగతి చేతికి గుర్తుండదు. ఉన్నట్టూ అనిపించదు, లేనట్టూ అనిపించదు. మనసు దానిమీదికి పోయిందంటే పాళ్లు ఎటో ఒకవైపు తప్పినట్టే.

మెదక్‌లో ఉండి ఈ సంగతి తలచుకోవడంలో ఒక ఔచిత్యం ఉంది. చలికాలంలో రాష్ట్రంలో ఉష్ణోగ్రతలు బాగా పడిపోయే ఊళ్ల జాబితాలో ఆదిలాబాద్‌తో పాటు మెదక్ పేరూ తరచూ వినిపిస్తుంది. డిసెంబరులో, చర్చికి జనం తరలివచ్చే క్రిస్మస్ రోజుల్లో, రోడ్డు పక్కన రంగురంగుల స్వెటర్లు వేలాడుతుంటాయి. వాటికి చాలా ముందునుంచే ఈ నేలకు తన ఉన్నిబట్ట ఉంది. అది కురుమలు నేసే నల్ల గొంగడి. దక్కని గొర్రెల నల్లని ముతక ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడికితే మగవాళ్లు మగ్గం మీద నేసేవారు. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవారు. ఆ గంజి పోగుల నూగును అణచి దారానికి బిరుసునిచ్చేది. పొలంలో వాన పడితే తలమీదినుంచి కప్పుకోవడానికి, రాత్రి మంద దగ్గర పరుచుకోవడానికి, వడ్లు ఎత్తడానికి, మల్లన్న, బీరప్ప కొలువుల్లో భుజాన వేసుకోవడానికి అదే గొంగడి. ఒక బట్టకు ఇన్ని పనులుండటం ఇప్పటి బట్టల బీరువాలకు తెలియని విషయం.

ఇందులో ఎక్కడా సబ్బు లేదు. కత్తెర వేయడానికి ముందు గొర్రెలను చెరువులో దింపి కడుగుతారు, అంతే. ఒకప్పుడు రాట్నం తిప్పిన ఒక పెద్దామెను దీని గురించి అడిగాను.

“సబ్బు పెడితె దాని జిడ్డంత పోతది బిడ్డా,” అంది. “జిడ్డు పోయిన గొంగడి వానల ఏం ఆగుతది?”

“మరి గట్టిపడేదెట్ల అవ్వా?”

“కప్పుకుంట కప్పుకుంట అదే గట్టిపడతది.”

ఆమె చెప్పింది రసాయనశాస్త్రానికి ఏ మాత్రం తేడా రాని మాట. గొర్రె చర్మం నుంచి ఊరే కొవ్వు ఉన్నికి సహజమైన వానకోటు. సబ్బు దాన్నే ముందు కడిగేస్తుంది. ఇక గట్టిపడటమంటే, వానకు తడిసి, భుజానికి రాసుకుని, ఒంటి వేడికి వెచ్చబడి, చెమటకు నాని, మళ్లీ ఆరి, మళ్లీ తడిసి ఆ నేత సందులన్నీ ఏళ్ల తరబడి పూడుకుపోతూ వస్తాయి. నీళ్లు, వేడి, రాపిడి: మన చాపమీద జరిగేదే అక్కడా జరుగుతుంది. తేడా అల్లా, మనం సబ్బుతో ఒక పూటలో కుదించిన దాన్ని గొంగడి తన యజమాని జీవితం పొడవునా పరుచుకుంటుంది. కొత్త గొంగడికన్నా పాత గొంగడి వానకు బాగా ఓర్చుకుంటుందని పెద్దలు చెప్పే మాటలో ఈ లెక్కంతా ఉంది.

సబ్బు చోటును కాలం, శ్రమ భర్తీ చేసిన ఉదాహరణలు లోకంలో ఇంకా ఉన్నాయి. మంగోలియాలో గేర్ గుడారాలకు కప్పే ఫెల్ట్‌కు ఉన్నిమీద నీళ్లు చల్లి, పెద్ద దూలానికి చుట్టి, గుర్రాలతోనో ఒంటెలతోనో మైదానంలో ఈడ్పిస్తారు. సబ్బు పేరు రాదు. ఆల్టాయి కొండల్లో పజిరిక్ దగ్గర మంచులో గడ్డకట్టిన సమాధులను సెర్గెయ్ రుదెంకో తవ్వినప్పుడు బయటపడ్డ ఫెల్ట్ తెరలు, జీను తొడుగులు దాదాపు 2,300 ఏళ్ల కిందటివి. వాటి రంగుల బొమ్మలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. స్కాట్లాండు పశ్చిమ దీవుల్లో ఆడవాళ్లు నేసిన ఉన్నిబట్టను బల్లచుట్టూ కూర్చుని, పాటలు పాడుతూ, చేతులతో బాది బిగించేవారు. దాన్ని ముందుగా నిలవబెట్టిన మూత్రంలో నానబెట్టేవారు. రోమనుల కాలంలోనూ బట్టలు బిగించేవాళ్లు వాడింది అదే. అందులో పుట్టే అమ్మోనియాకు సబ్బులాగే క్షారగుణం ఉంది, జిడ్డును విడగొట్టే శక్తీ ఉంది. ఇప్పుడు సువాసనగల సబ్బు తురుముకుంటూ వాళ్ల గురించి ఆలోచిస్తే ముఖాన చిరునవ్వు వస్తుంది. దానికి కొంచెం తరువాత గౌరవమూ వస్తుంది. ఏ పాత్రలో ఎన్ని రోజులు నిలవుంచితే పదును వస్తుందో వాళ్లూ చేత్తోనే తెలుసుకున్నారు.

మన పల్లెల్లో క్షారానికి కొదవేం లేదు. చెరువుగట్ల దిగువన పేరుకునే చౌడు తెచ్చి, నీళ్లలో కలిపి, మురికి బట్టలను అందులో ముంచి బానలో ఉబ్బ వేసే విద్య చాకలివాళ్లకు తరాలుగా తెలుసు. నూలుబట్ట ఆ వేడిని, ఆ కారాన్ని తట్టుకుని తెల్లగా బయటికి వచ్చేది. అదే బానలో ఉన్ని వేస్తే పాడైపోతుంది. నూలు చెట్టు సంతానం, క్షారానికి జడవదు. ఉన్ని మన గోరు, మన వెంట్రుకల జాతికి చెందిన మాంసకృత్తు. కాస్టిక్ సోడా కలిపిన నీళ్లను మరిగించి అందులో ఉన్ని వేస్తే నిమిషాల్లో కరిగిపోతుంది. బట్టలో ఉన్ని ఉందో లేదో తేల్చడానికి ఈ పరీక్షనే వాడతారు. ఉన్నిని కలపడానికి సాయపడే గుణమే రెండాకులు ఎక్కువైతే ఉన్ని అనేదే లేకుండా చేస్తుంది. సబ్బు పాళ్ల చర్చ అంతా ఈ రెండు కొసల మధ్య ఒక చిన్న జాగాలో జరుగుతోంది.

కుంకుడుకాయ ఈ జాగాకు మరోవైపు ఉంటుంది. దాని నురగ సబ్బు నురగకు తీసిపోదు, కాని అది క్షారం కాదు. కొద్దిగా ఆమ్లం వైపే మొగ్గుతుంది. పట్టుచీరలకు, ఉన్నిదుస్తులకు మన పెద్దవాళ్లు కుంకుడు రసం తప్ప మరోటి ముట్టించకపోవడానికి కారణం ఇదే. ఉన్ని అందులో శుభ్రపడుతుంది, బిగుసుకోదు. ఏ గుణం వల్ల కుంకుడు ఉన్నిని కాపాడుతుందో ఆ గుణం వల్లే ఉన్నిని అట్టకట్టించే పనికి అది తొందరగా అక్కరకు రాదు. అందువల్ల నురగను చూసి పాళ్లు నిర్ణయించడం ఎంత పొరపాటో కుంకుడు రసం గిన్నె చూస్తే తెలుస్తుంది: గిన్నెనిండా నురగ ఉంటుంది, చేతికింద పోగులు నిమ్మళంగా విడివిడిగానే ఉంటాయి.

ఇక నీళ్లు. కొలత చెప్పే వాళ్లు నీళ్లను ఒకే వస్తువుగా లెక్కిస్తారు. ఈ ప్రాంతంలో అలా కుదరదు. రాతినేలను తొలిచి తీసిన బోరునీళ్లలో సున్నపు లవణాలు దండిగా ఉంటాయి. వాటిని ఇక్కడ ఉప్పునీళ్లంటారు. వాటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. సబ్బు ఆ నీళ్లలో పడగానే ముందు కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడి కరగని తెట్టుగా మారుతుంది. ఆ బాకీ తీరాకే మిగిలినది ఉన్నిదాకా వెళుతుంది. తెట్టు ఊరుకుంటుందా అంటే అదీ లేదు, పోగులను పట్టుకుని నల్ల ఉన్నిమీద బూడిదపూత పూస్తుంది. 2016 ఆగస్టు 7న అప్పటి మెదక్ జిల్లాలోని గజ్వేల్ పక్కన కోమటిబండలో మిషన్ భగీరథను ప్రారంభించాక ఇళ్లకు నల్లాల్లో నదినీళ్లు రావడం మొదలైంది. భగీరథ నీళ్లలో అదే చెంచా సబ్బు రెండింతలు పలుకుతుంది. వానాకాలంలో చూరునీళ్లు పట్టి వాడితే ఇంకా తక్కువ చాలు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో, బకెట్టు మారితే సబ్బు పాళ్లు మారతాయి. సబ్బుకు బదులు బట్టల పొడి వాడితే నీటి తేడా బాధ ఉండదు, నిజమే. చాలా పొడుల్లో మాంసకృత్తుల మరకలను అరిగించే ఎంజైములు కలుపుతారు, ఉన్ని కూడా మాంసకృత్తే అన్న సంగతి వాటికి తెలియదు.

ఉన్నికీ ఉన్నికీ మధ్య తేడా దీనికన్నా పెద్దది. ఫెల్ట్ పనికి అందరూ కోరే మెరీనో ఉన్ని పోగు మందం సుమారు 17 నుంచి 24 మైక్రాన్లే. నాలుగు చుక్కల సబ్బునీళ్లు, రెండు నిమిషాల నిమురుడుతో అది దారికి వస్తుంది. దక్కని గొర్రె ఉన్ని అలా కాదు. రాజస్థాన్ వైపు ఉన్నిగొర్రెలకూ దక్షిణాది జుట్టుగొర్రెలకూ కలిసి ఈ జాతి ఏర్పడిందని పశుశాస్త్రజ్ఞులు చెబుతారు. దాని ఒంటిమీద ఆ ఇద్దరు పూర్వీకులూ పక్కపక్కనే ఉంటారు: కొంత నిజమైన ఉన్ని, కొంత నడిమి బోలుగా ఉన్న బిరుసు వెంట్రుక. ఉన్ని కలవడానికి సిద్ధంగా ఉంటుంది, వెంట్రుక ససేమిరా అంటుంది. సబ్బు పెంచితే వెంట్రుకలు ఇంకా నున్నగా జారిపోతాయి, తగ్గిస్తే ఉన్ని వాటిని వదిలేసి తనలో తాను ఉండ కడుతుంది. అందుకే ఈ నేల ఉన్నితో అట్టకట్టించే విద్య కన్నా నేసే విద్య పెరిగిందేమోననిపిస్తుంది. కలవడానికి పోగులు ఒప్పుకోని చోట మనిషి పడుగూ పేకా వేసి వాటికి వరస కల్పించాడు.

అలాగని నల్ల ఉన్ని చేతకానిది కాదు. సన్న ఉన్ని పొరలు రెండింటి మధ్య దాన్ని పలుచగా పరిస్తే, సన్నపోగులు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు దూరుతూ ఆ బిరుసు వెంట్రుకలను తమ వలలోకి తీసుకుంటాయి. అప్పుడు సబ్బు పాళ్లు మళ్లీ చిక్కు ప్రశ్నే. పై పొరకు సరిపోయింది నడిమి పొర జిడ్డుకు చాలదు, నడిమి పొరకు చాలింది పై పొరకు ఎక్కువ. నేను చేసేది, నల్ల ఉన్నిని ముందే గోరువెచ్చని సబ్బునీళ్లలో తడిపి, నలపకుండా అదిమి పిండి ఉంచుకోవడం. తన వాటా సబ్బును అది ముందే తాగి వస్తుంది. ఆపైన చిలకరించే నీళ్లు తేలికగా, పై పొరకు ఎంత కావాలో అంతే కలుపుకోవచ్చు. రెండు జాతుల పోగులకు ఒకే మోతాదు పంచడంకన్నా ఎవరి ఆకలికి తగ్గట్టు వాళ్లకు విడిగా వడ్డించి ఒక చాపమీద కూర్చోబెట్టడం మేలు.

పాళ్లు ఒకసారి కుదిరితే కుదిరినట్టే అని కూడా కాదు. అవి పని పొడవునా మారుతూ ఉంటాయి. మొదట పోగులు ఒకదానికొకటి పరాయివి, అప్పుడు జారుడు ఎక్కువ కావాలి, ఒత్తిడి తక్కువ ఉండాలి. పైపొరను రెండు వేళ్లతో గిల్లి ఎత్తితే పోగులు విడిగా లేవకుండా పొరంతా కలిసి లేచిందంటే అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయన్నమాట. అక్కడినుంచి సబ్బు అవసరం తగ్గుతుంది, రాపిడి అవసరం పెరుగుతుంది. చాపలో చుట్టి దొర్లిస్తున్నకొద్దీ కారే నురగనీటిని తుడిచేస్తూ పోవాలి. చివర్లో అట్టను వేడినీళ్లలో ముంచి బల్లమీద విసిరి కొట్టేటప్పుడు సబ్బు దాదాపు లేకపోవడమే మంచిది. ఆరంభంలో ఆధారమైనదే ముగింపులో అడ్డంకి. పనివాళ్లు దీన్ని నియమంగా చెప్పుకోరు. దొర్లించే చేయి జారడం ఎప్పుడు మానేసిందో, ఉన్ని కుంచించుకోవడం ఎప్పుడు మొదలుపెట్టిందో గమనిస్తారు, ఆ రెండూ ఒకే సమయంలో జరుగుతాయి.

తరువాత జాడించడం. కనిపించే నురగ రెండు మూడు నీళ్లకు పోతుంది, కనిపించని సబ్బు పోదు. అది పోగుల నడుమ ఉండిపోతే బట్ట ఆరాక గరుకుగా తయారవుతుంది, ఏడాది తిరిగేసరికి ఉన్ని పసుపెక్కి పెళుసుబారుతుంది. అందుకే ఆఖరి నీళ్లలో కొద్దిగా వెనిగర్ కలుపుతారు. ఇంట్లో అది లేకపోతే నిమ్మరసం పిండినా చాలు. క్షారం విరిగిపోతుంది, ఉన్ని తనకు సుఖమైన పుల్లని స్థితికి తిరిగి వస్తుంది. ఆ చివరి నీటిని పారబోసేసరికి, ఇంతసేపూ మన తలపులన్నీ ఆక్రమించిన సబ్బు, అట్టలో వెతికినా దొరకదు. అది సరిగ్గా పడిందో లేదో చెప్పడానికి సబ్బు తరఫున మాట్లాడే సాక్ష్యం ఏదీ మిగలదు. పొరలు ఊడకుండా, అంచులు చెదరకుండా నిలిచిన బట్టే చెప్పాలి.

ఇప్పటి మిల్లులు ఈ వ్యవహారాన్ని అటునుంచి నరుక్కొచ్చాయి. ఇంట్లో యంత్రంలో ఉతికితే స్వెటరు పిల్లవాడి కొలతకు కుంచించుకుపోతుంది కనుక, ఉన్నిని క్లోరిన్‌తో శుద్ధిచేసి, పొలుసుల పదును తగ్గించి, పైన సన్నని రెసిన్ పూత పూస్తాయి. ఆ తరువాత ఎంత సబ్బు వేసినా, ఎంత రుద్దినా పోగులు కలవవు. స్వెటరు క్షేమంగా ఉంటుంది. దానికి మంచిదే, దాని అవసరం వేరు. అలాంటి దారాన్ని తెచ్చి అట్టకట్టించాలని కూర్చుంటే మాత్రం సబ్బును తప్పుపట్టి లాభం లేదు.

మెదక్ చుట్టుపక్కల పొలుసుల పదును తగ్గించే మిల్లులు లేవు; ఇక్కడ ఉన్నే తగ్గిపోతోంది. దక్కని గొర్రె ఏడాదికి ఇచ్చే ఉన్ని మహా అయితే కిలో లోపే. దాన్ని కొనేవారు కరువయ్యాక మందల్లోకి నెల్లూరు జాతి వచ్చింది. ఆ గొర్రెలు ఎత్తుగా పెరుగుతాయి, మాంసం ఎక్కువ పడుతుంది, ఒంటిమీద ఉన్ని ఉండదు. 2017 జూన్‌లో ప్రభుత్వం గొల్లకురుమలకు యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీమీద పంచడం మొదలుపెట్టినప్పుడు కూడా దృష్టి మాంసం మీదే ఉంది. కాపరికి అది కావలసిన ఆదాయం, దానిమీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. కత్తిరించిన నల్ల ఉన్ని పొలంగట్లమీద పారేసి ఉండటం చూసినప్పుడు కలిగే బాధను మాత్రం దాచుకోలేను. వానలో నిలిచిన బట్టకు, మల్లన్న ముందు పరిచిన బట్టకు పుట్టిల్లైన పోగు అది.

ఆ ఉన్నికి ఒక చోటు ఉందని నా నమ్మకం. గొంగడంత పెద్దది కాకపోయినా, కింద పరుచుకునే ఆసనాలు, గుమ్మం ముందు పట్టాలు, వేడి గిన్నెల కింద పెట్టుకునే మందపాటి అట్టలు, వాటి బిరుసు వాటికి గుణమయ్యే వస్తువులెన్నో దానితో అవుతాయి. వాటికి కావలసిన సబ్బు పాళ్లను ఎక్కడా రాసి పెట్టలేదు, ఎందుకంటే ఈ ఉన్నితో, ఈ నీళ్లతో ఆ పని ఎక్కువగా ఎవరూ చేయలేదు. చలి తగ్గాక ఇక్కడి మందలకు కత్తెర పడుతుంది. ఒక సంచి ఉన్ని ఉంచమని కాపరులకు చెప్పి ఉన్నాను. కడగకుండా, జిడ్డుతోనే ఇమ్మన్నాను. అందులో ఎంత తీయాలో, అవ్వ చెప్పిన వాన కోసం ఎంత ఉంచాలో, ఒక బకెట్టు బోరునీళ్లు, ఒక బకెట్టు భగీరథ నీళ్లు పెట్టుకుని చూడాలి.